గురువా? జతగాడా?

ధ్యాన భాగములు: 1 రాజులు 12:1–16, 2 దినవృత్తాంతములు 24, లూకా 22:54–62



బడులు తెరచు కాలము మరల వచ్చినది. తెల్లవారగానే తలకు నూనె రాచుకొని, పుస్తకముల సంచి భుజమున వేసికొని మన పిల్లలు గట్లవెంట నడిచిపోవుచున్నారు. కొందరు పెట్టె, చాప పట్టుకొని పట్నపు హాస్టళ్లకు వెళ్లిరి. వారిని బస్సు ఎక్కించి వచ్చిన తల్లిదండ్రుల మనస్సులో ఒకే విచారమున్నది. మా బిడ్డ ఎవరి చేతిలో పడునో గదా! మంచి మాస్టరు దొరకునా? మంచి స్నేహితులు దొరకుదురా? ఈ రెంటిలో పిల్లవానిని ఎక్కువగా మార్చునది ఏది?

ఈ ప్రశ్నకు మన పల్లెలలో రెండు సామెతలు రెండు జవాబులు చెప్పుచున్నవి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఒకటి. అనగా పెద్దలెట్లో పిల్లలట్లే. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు అని మరియొకటి. అనగా జతగాడెట్లో వీడును అట్లే. రెండును మన పెద్దల నోట పుట్టినవే, రెండును అనుభవమువలన వచ్చినవే. అయితే దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నదో ఈ మాసము మనము కలిసి ధ్యానింతము.

1. జతగాండ్ర మాట విన్న రాజు

సొలొమోను మృతినొందిన తరువాత అతని కుమారుడైన రెహబాము షెకెమునకు వెళ్లెను. ప్రజలు అతనియొద్దకు వచ్చి, నీ తండ్రి మామీద మోపిన కాడి బరువైనది, నీవు దానిని తేలిక చేసినయెడల నిన్ను సేవింతుమని మనవి చేసికొనిరి. అతడు మూడు దినములు గడువు కోరెను. ముందుగా తన తండ్రియెదుట నిలిచిన పెద్దలను అడిగెను. నేడు నీవు ఈ ప్రజలకు దాసుడవై మృదువుగా మాటలాడితివా, వారు ఎల్లప్పుడును నీకు దాసులైయుందురని వారు చెప్పిరి. అటుతరువాత అతడు తనతోకూడ పెరిగిన యౌవనస్థులను అడిగెను. తండ్రికంటె కఠినముగా మాటలాడుమని వారు పురికొల్పిరి. అతడు వారి మాటయే పలికెను. దాని ఫలమేమి? ఒక్క దినముననే పది గోత్రములు చెయ్యిజారి పోయెను.

ఇచ్చట రెండు సంగతులు జాగ్రత్తగా చూడవలెను. మొదటిది, రెహబాము అప్పటికి మీసము మొలవని కుర్రవాడు కాడు. అతడు ఏలనారంభించినప్పుడు నలుబదియొక్క సంవత్సరములవాడని పదునాలుగవ అధ్యాయములో వ్రాయబడియున్నది. చిన్నప్పటి సావాసము నలుబది ఏండ్లు దాటినను వెంట వచ్చునని దీనివలన తెలియుచున్నది. రెండవది, పెద్దల ఆలోచనను త్రోసివేసిన తరువాతనే అతడు యౌవనస్థులను అడిగెనని వాక్యము చెప్పుచున్నది. అనగా అతని మనస్సు అప్పటికే ఒక వైపునకు వాలియుండెను. తనలోనున్న మాటను మరియొకరి నోట వినగోరెను. చెడు సావాసము అనేక పర్యాయములు మనకు క్రొత్త పాపమును నేర్పదు. లోపల దాగియున్న పాపమునకు ధైర్యము చెప్పును. వీధిలోని బాలుడు మన బిడ్డను చెడగొట్టెనని మనము సులువుగా చెప్పుదుము. మన బిడ్డ వానియొద్దకు ఏమి కోరి వెళ్లెనో మాత్రము అడుగము.

2. గురువు ఉన్నంతవరకే మంచిగానున్న శిష్యుడు

అయితే మంచి గురువు దొరికిన చాలునా? యోవాషు కథ చదువుడి. రాజకుమారులను హతము చేసిన అతల్యా చేతిలోనుండి ఆ పసివానిని తప్పించి, ఆరు సంవత్సరములు దేవుని మందిరములో దాచి పెంచిరి. ఏడేండ్లవాడై సింహాసనమెక్కిన నాటినుండి యాజకుడైన యెహోయాదా అతనికి గురువై, తండ్రియైయుండెను. అంతటి గురువు ఎందరికి దొరకును? ఆ దినములలో రాజు మందిరమును బాగుచేయించెను, కానుకల పెట్టె పెట్టించెను, ప్రజలు సంతోషముతో తెచ్చి దానిలో వేసిరి.

తరువాత యెహోయాదా నూట ముప్పది ఏండ్లవాడై మృతినొందెను. అప్పుడు యూదా అధిపతులు వచ్చి రాజునకు నమస్కరించిరి. రాజు వారి మాట వినెను. మందిరము విడువబడెను, విగ్రహములు లేచెను. గద్దించుటకు నిలిచిన జెకర్యాను రాజాజ్ఞచేత మందిరపు ఆవరణములోనే రాళ్లతో కొట్టి చంపిరి. ఆ జెకర్యా ఎవరు? తన్ను పెంచిన గురువుయొక్క సొంత కుమారుడే!

ప్రియులారా, యోవాషు మంచితనము పందిరిమీది తీగవంటిది. గుంజ నిలిచినంతకాలము తీగ పైనుండెను. గుంజ విరిగినప్పుడు నేలపాలాయెను. గురువు అతనికి ఆధారముగా నిలిచెను గాని, గురువు లేనప్పుడు అతని ప్రక్కను నిలుచుటకు దేవుని భయము గలిగిన జతగాండ్రు కనబడరు. ఉపాధ్యాయులారా, ఇది మనలను వణికింపవలసిన సంగతి. మన కన్నులయెదుట పిల్లవాడు మంచిగా నుండుట చాలదు. మనము లేని చోట అతనితో ఎవరుందురు?

3. చెడు గురువులను జయించిన సావాసము

బబులోనులో సంగతి తారుమారైనది. దానియేలును, అతని ముగ్గురు స్నేహితులును చెరపట్టబడి కల్దీయుల గురువులకు అప్పగింపబడిరి. మూడు సంవత్సరములు ఆ గురువులే విద్యను, భాషను నేర్పిరి. తల్లిదండ్రులు పెట్టిన పేళ్లు పోయి, అన్యదేవతలకు సంబంధించిన పేళ్లు వచ్చెను. రాజు భోజనము పెట్టిరి. బడియంతయు వారిని బబులోనువారినిగా చేయుటకే ఏర్పడెను. అయినను వారు మారలేదు. ఏలయనగా వారు నలుగురు. కల మర్మము తెలియనియెడల మరణమే అని ఆజ్ఞ వచ్చిన రాత్రి దానియేలు ఎక్కడికి వెళ్లెను? ఇంటికి వెళ్లి, తన స్నేహితులకు సంగతి తెలిపి, ప్రార్థించుడని చెప్పెను. తరువాత దూరా మైదానములో జనమంతయు బంగారు ప్రతిమకు సాగిలపడినప్పుడు ముగ్గురు నిలిచియుండిరి. ఒక్కడే యుండినయెడల ఏమగునో మనము చెప్పలేము. ఒకని భుజము ప్రక్కను మరియొకని భుజముండెను.

లోక విద్వాంసులును ఈ సంగతిని తమ రీతిని పరీక్షించిరి. 1951లో అమెరికా దేశమున సాలమన్ యాష్ అను ఆచార్యుడు కాలేజి విద్యార్థులను పిలిచి రెండు అట్టలు చూపెను. ఒకదానిమీద ఒక గీత, రెండవదానిమీద మూడు గీతలు. మొదటి గీతకు సమానమైన గీత ఏదో చెప్పవలెను. మన సండే స్కూలు పిల్లలును చెప్పగలరు. ఒంటరిగా అడిగినప్పుడు నూటికి ఒకటికూడ తప్పు రాలేదు. అయితే గదిలోని తక్కినవారందరు ముందుగా చేసికొన్న ఏర్పాటు ప్రకారము ఒకే తప్పు జవాబు చెప్పినప్పుడు, ఏమియు తెలియని ఆ ఒక్క విద్యార్థి కన్నులతో చూచిన సత్యమును విడిచి గుంపుతో కలిసెను. ఆ విధముగా వచ్చిన జవాబులలో ఇంచుమించు మూడవ వంతు గుంపు జవాబులే. నలుగురిలో ముగ్గురు ఒక్కసారియైనను లొంగిరి. అయితే గుంపులో ఒక్కడు, ఒక్కడే, సత్యము చెప్పినప్పుడు ఆ విద్యార్థులలో మిక్కిలి ఎక్కువమందికి ధైర్యము వచ్చెను. లొంగుట చాల తగ్గిపోయెను.

వందమంది మంచి స్నేహితులు అక్కరలేదు. ఒక్కడు చాలును. ఒంటరి పేటకంటె మూడు పేటల త్రాడు త్వరగా తెగదని ప్రసంగి గ్రంథకర్త ఎరిగిన సంగతియే ఇది.

4. బందరులోని ఇద్దరు

మన తెలుగు సంఘ చరిత్రలోనే ఒక దృష్టాంతమున్నది. 1841లో రాబర్టు నోబులుగారు, హెన్రీ ఫాక్సుగారు ఇంగ్లండునుండి బందరుకు వచ్చిరి. 1843లో నోబులుగారు అక్కడ బడి తెరచిరి. వాక్యము చెప్పుచు, పాఠము చెప్పుచు కాలము గడపిరి. ఒక ఏడు గడచెను, రెండేండ్లు గడచెను, ఎనిమిదేండ్లు గడచెను. బాప్తిస్మమునకు ఒక్క విద్యార్థియు ముందుకు రాలేదు. మన మాస్టరుగార్లలో ఎందరు అంతకాలము ఓర్చుకొందురు?

1852లో ఇద్దరు విద్యార్థులు వచ్చిరి: మంచాల రత్నముగారు, అయినాల భూషణముగారు. ఊరంతయు అల్లకల్లోలమాయెను. బడి ఇంచుమించు ఖాళీ ఆయెను. తమ ఇండ్లవారి కన్నీటిని, ఊరివారి కోపమును ఆ ఇద్దరును ఎదుర్కొనవలసి వచ్చెను. తరువాత ఇద్దరును గురువులుగా అభిషేకము పొంది తెలుగు సంఘమునకు సేవ చేసిరి. నోబులుగారు 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించిరి.

విత్తనము చల్లినవాడు గురువు. దానిలో సందేహము లేదు. అయితే ఆ విద్యార్థుల హృదయములో జరిగిన పోరాటమును గురువు వారికి బదులుగా పోరాడలేడు. ఆ ఘడియలో ఒకనికి మరియొకడు తోడై యుండుట ఎంత మేలు! ప్రభువు తన శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపుట ఊరక జరిగినది కాదు.

5. మా తప్పు

ఇచ్చట మేము ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. అనేక సంవత్సరముల క్రిందట మగపిల్లల హాస్టలు ఒకటి మా చూపుక్రింద నుండెను. ఒక కూలితల్లి తన ఒక్క కుమారుని తెచ్చి మాకు అప్పగించెను. తొమ్మిదవ తరగతి. చక్కగా పాడువాడు. కొన్ని నెలలకు వాడు గోడ దూకి సినిమాలకు పోవు ముగ్గురితో కలిసెను. మేము దండించితిమి, ప్రార్థించితిమి. అంతటితో ఆగక మంచి బాలురను పిలిచి, మీరును చెడిపోవుదురు, వానితో మాటలాడవద్దని కట్టడ చేసితిమి. అది జ్ఞానమని మేము తలంచితిమి.

దాని ఫలమేమి? భోజనపు బంతిలో వాని ప్రక్కను కూర్చుండుటకు ఆ ముగ్గురు తప్ప వేరెవరును మిగులలేదు. నెల తిరుగకమునుపే వాడు హాస్టలు విడిచి పారిపోయెను. తల్లి వచ్చినది. మమ్మును తిట్టలేదు. వాని పెట్టెను చీరచెంగుతో తుడిచి, "అయ్యగారూ, నా బిడ్డను నేను మీ చేతిలో పెట్టిపోయానండి. మీరెవరి చేతిలో పెట్టారండీ?" అని అడిగినది. ఆ మాటకు జవాబు మాయొద్ద లేకపోయెను. ఇప్పటికిని లేదు.

ఒక బాలుడు మాత్రము మా కట్టడను మీరెనని తరువాత తెలిసినది. వాడు రహస్యముగా కార్డులు వ్రాయుచుండెను. సెలవులకు వెళ్లినప్పుడు వెదకి పోయి కలిసికొనుచుండెను. ఏండ్లు గడచినవి. ఆ పారిపోయినవాడు చదువు ముగింపలేదు. లారీల మరమ్మతు నేర్చుకొని బ్రదుకుచున్నాడు. అయితే ఒక క్రిస్మసు ఆరాధనలో వెనుక వరుసలో ఇద్దరు కలిసి కూర్చుండుట మేము చూచితిమి. ఆ దినము ప్రసంగపీఠముమీదనుండి మేము ఏమి చెప్పితిమో మాకే జ్ఞాపకము లేదు. మా ఆజ్ఞకు లోబడిన బాలురు తమ్మును కాపాడుకొనిరి. మీరినవాడు సహోదరుని సంపాదించుకొనెను.

6. కాడి

మన సంఘములోని ముసలి రైతు ఒకాయన యీ ప్రశ్న విని నవ్వి చెప్పిన మాట వినుడి. "ఇప్పుడంటే ట్రాక్టర్లు గానండి, మా రోజుల్లో కొత్త కోడెను ఒంటరిగా కట్టేవాళ్లం కాదు. సాలు తెలిసిన ఎద్దు పక్కన కట్టేవాళ్లం. వెనక నుంచి అదిలించేది నేనే గాని, నడక నేర్పేది పక్కనున్నదేనండి."

ప్రియులారా, మన ప్రశ్నకు జవాబు ఇందులో దొరకుచున్నదని మాకు తోచుచున్నది. దినదినము నడక విషయములో, అనగా మాట, బట్ట, ఆట, సాయంకాలపు తిరుగుడు, వీటియందు జతగాడే గురువుకంటె బలవంతుడు. ఇది కాదనుట కన్నులు మూసికొనుటయే. అయితే ఏ ఎద్దు ప్రక్కను ఏ కోడెను కట్టవలెనో ఏర్పరచువాడు రైతు. సాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియవలెనో ఎరిగినవాడును రైతే. నల్లబల్లయెదుట మాత్రమే నిలిచిన గురువు పంతములో ఓడిపోవును. శిష్యునికి మంచి జతను కూర్చిన గురువు తాను లేని చోటను పాఠము చెప్పుచునే యుండును.

మన ప్రభువు తన కాడిని ఎత్తుకొని తనయొద్ద నేర్చుకొనుడని పిలిచెను. ఇతర గురువులు కాడిని శిష్యుని మెడమీద పెట్టి తాము గట్టున నిలుతురు. ఈయన మన భారమును తానును మోయుచు మనతో నడచును. తన శిష్యులను దాసులని పిలువక స్నేహితులని పిలిచెను. గురువును ఆయనే, జతగాడును ఆయనే.

7. చలిమంట యొద్ద

అయినను మంచి గురువు, మంచి జత, రెండును ఉన్నచోట పతనము లేదనుకొనకుడి. ఇస్కరియోతు యూదాకు గురువు కొరత యేమి? తోటివారి కొరత యేమి? ప్రతివాడును తన హృదయమును గూర్చి తానే లెక్క చెప్పవలెను.

పేతురును చూడుడి. ఆ రాత్రి ప్రధానయాజకుని ముంగిట మంట వేసికొని కూర్చున్నవారి మధ్య అతడును కూర్చుండెను. అవి అతని సొంత జనుల మంట కాదు. అచ్చట ఒక చిన్నదాని మాటకు అతడు భయపడెను. సముద్రముమీద నడచినవాడు, ప్రాణమైనను పెట్టుదునన్నవాడు, మంట చుట్టునున్న నలుగురి యెదుట తన గురువును ఎరుగననెను. ముమ్మారు అనెను. చుట్టునున్నవారి బలము అంతటిది!

అప్పుడు కోడి కూసెను. ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను. ఒక్క మాట పలుకలేదు. మూడేండ్ల పాఠమంతయు ఆ చూపులో నుండెను. పేతురు వెలుపలికి పోయి సంతాపపడి ఏడ్చెను. గురువుయొక్క చూపు మంటకంటె బలమైనది. అంతటితో ముగియలేదు. పునరుత్థానుడైన ప్రభువు గలిలయ సముద్రతీరమున తానే నిప్పులు వేసి, చేపలు కాల్చి, చెదరిన శిష్యులను తిరిగి పిలిచెను. పేతురును తోటివారినుండి వేరుచేయలేదు. వారి మధ్యనే కూర్చుండబెట్టి, ముమ్మారు అడిగి, తన గొఱ్ఱెపిల్లలను మేపుమని అప్పగించెను. బొంకిన శిష్యుడు గురువాయెను.

కావున తల్లిదండ్రులారా, ఎన్ని మార్కులు వచ్చెనని అడుగుటకు ముందు, ఎవరితో అన్నము తింటివని మీ బిడ్డను అడుగుడి. వాని స్నేహితులను మీ ఇంటికి పిలిచి ముద్ద పెట్టుడి. వారిని చూడకుండ తీర్పు తీర్చకుడి. ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోనులోకూడ ఒక గుంపు కూర్చున్నది. అర్ధరాత్రివరకు ఆ మంట ఆరుటలేదు. దానియొద్ద ఎవరున్నారో తెలిసికొనుడి.

ఉపాధ్యాయులారా, సండే స్కూలు సేవకులారా, బలహీనుడైన బాలుని ఒక బలవంతుడైన బాలుని ప్రక్కను కూర్చుండబెట్టుడి. పడినవానిని ఒంటరిని చేయకుడి. మేము చేసిన తప్పు మీరు చేయకుడి.

విద్యార్థులారా, మంచి స్నేహితుడు దొరకునా అని వెదకుచున్నారు గదా. మీ తరగతిలో సత్యము చెప్పుటకు ఒక్కని తోడుకొరకు కనిపెట్టుచున్నవాడు ఒకడుండును. ఆ ఒక్కరు మీరే కావచ్చును.

ప్రార్థన: ప్రభువా, మా పిల్లలను నీ చేతికి అప్పగించుచున్నాము. మేము చూడలేని బాటలలో నీవు వారి ప్రక్కను నడువుము. వారు పరుల మంటయొద్ద కూర్చుండి నిన్ను ఎరుగమన్న దినమున తిరిగి వారివైపు చూడుము. మావలన తప్పిపోయినవారిని వెదకు స్నేహితులను లేపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.